మాస్టర్ సాబ్ గీసి ఇచ్చేసిన బొమ్మలు

శుక్రవారం నాడు, పగటిపూట రెండుంబావుకు జరిగింది ఇది. లాల్‌దర్వాజ బోనాలు అయిపోయినంక వచ్చిన మొదటి శుక్రవారం. జుమ్మా నమాజ్ అయి జనం మసీదుల నుంచి బయటికి వస్తుండ్రు. గప్పుడు నేను, జిల్దుల భాయ్ కలిసి మాస్టర్ సాబ్ మంచాన్ని లోపలి అర్రల నుంచి వరండాలకు మోసుకొచ్చినం. మనిషి మంచం మీదనే ఉండె. బరువే లేడు. అంతకుముందు చలికాలం దాంక గల్లీల ఆయన ఎదురొస్తె మేం గోడకు జరిగి దారి ఇయ్యాల్సొచ్చేది, గంత మనిషి.

మాస్టర్ సాబ్ అంటె బడిల డ్రాయింగు నేర్పేటాయన. జిల్దుల భాయ్ పుస్తకాలకు జిల్దులు, అంటె అట్టలు, కట్టేటోడు. నేను దుకాన్లకు బోర్డులు రాసేటోన్ని. రాసుడు అంటున్న గాని నాకు గప్పుడు ఒక్క అక్షరం రాదు. సేట్లు చిట్టీ మీద రాసిస్తె దాన్ని బొమ్మ లెక్క చూసి రేకు మీద పెద్దగ దించేటోన్ని. ఉర్దూ అయినా తెలుగైనా నాకు వంకర్లే. చదువు నేర్చింది తల నెరిసినంక. నేర్సుకొమ్మని మాస్టర్ సాబ్ మస్తు తిట్టేటోడు. నేర్చేసరికి చూసి సంతోషపడెతందుకు ఆయన లేడు.

శుక్రవారం బడికి సెలవు. ఆ ఒక్క పూట ముగ్గురం కలిసి ఊరి మీద పడేటోళ్లం. జిల్దులు కట్టంగ మిగిలిన కాయితాలు భాయ్ సంకల పెట్టుకొచ్చేటోడు. పెన్సిళ్లు మాస్టర్ సాబ్‌వి. రబ్బరు ఉండేది కాదు. "తప్పు పడితె పడనియ్యి, దాని పక్కన ఒప్పు గియ్యి" అనేటోడు. ఒక వారం ఉస్మాన్‌గంజ్ల చింతపండు దుకాన్ ముంగట బస్తాల మీద కూసునేది. ఒక వారం ఉప్పుగూడ స్టేషన్ల, రైలు వచ్చేదాంక. వాన పడితె ఇరానీ హోటల్ల మూల మేజ దగ్గర. ఎండ మండితె కల్లు కాంపౌండ్ల, ఈతచాపల మీద. మాస్టర్ సాబ్ కల్లు ముట్టకపోతుండె. ముట్టకుండనే గంటలకొద్ది ఆడ కూసునేటోడు. తాగినోడు ఎవని మొగం వాడు దాసుకోడు, గందుకే ఆడ కూసుంట అనేటోడు.

"మొగం తర్వాత, మియా. మనిషి బరువు ఎక్కడ పడ్డదో మొదలు చూడు. హమాలీది మెడ మీద ఉంటది. సేటుది కడుపు మీద. గల్లా మీద కూసున్నోనిది మోచేతి మీద. ఆ గీత పడ్డదంటె మనిషి సగం వచ్చినట్టే."

నేను ముక్కుతోని మొదలుపెట్టి కిందికి దిగేటోన్ని. నెత్తి మీద మొట్టికాయ పడేది. నన్నెవరు చూసినా ఇంత పెద్ద మనిషి మొట్టికాయలు తింటుండేందని నవ్వేటోళ్లు. జిల్దుల భాయ్ అయితె గీసుడు తక్కువ, బజ్జీలు తినుడు ఎక్కువ.

గీసిన బొమ్మ ఎవలది వాళ్లకే ఇచ్చేస్తుండె మాస్టర్ సాబ్. అది కల్లు కాంపౌండ్ల మొదలైంది. ఒక హమాలీ గోడకు ఆనుకొని కూసోని కల్లు తాగుతుండు. ఈయన గీస్తుండు. హమాలీ చూసిండు, లేసిండు, ఉరికొచ్చి కాయితం మీద చెయ్యేసిండు.

"ఏయ్, ఏంది రాస్తున్నవ్ నా మీద? కొత్వాలోని మనిషివా?"

"కొత్వాలు నన్ను చూస్తె ముందు నన్నే లోపలేస్తడు, భాయ్. నీ మొగమే గీసిన. గిదో, తీస్కో. ఉంచుకుంటె ఉంచుకో, చింపుకుంటె చింపుకో. నీదే."

హమాలీ కాయితాన్ని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. "గింత ముక్కా నాది?"

"తగ్గించి గీసిన."

కాంపౌండంత ఒకటే నవ్వు. హమాలీ గూడ నవ్విండు. ఆనాడు పట్టిన దోస్తీ మల్ల ఇడువలే. అప్పటి నుంచి గదే మా కాయిదా. బొమ్మ ఎవలదో వాళ్లది. ఏం చేసిన్రని గీసినోడు మల్ల అడగొద్దు.

దానికి ఇంకో కారణం గూడ ఉండె. మాస్టర్ సాబ్ బీబీ, మేం ఆపా అనేటోళ్లం, బొమ్మలున్న ఇంట్లకు ఫరిష్తాలు, అంటె దేవదూతలు, అడుగుపెట్టరని నమ్మిన మనిషి. పెండ్లయిన కాడి నుంచి మనిషి మొగమున్న కాయితం ఆ గడప దాటలేదు. మాస్టర్ సాబ్ దాని మీద ఒక్కనాడు లొల్లి పెట్టలే. "పెన్సిల్ నాది, ఇల్లు ఆమెది" అనేటోడు. మాపటికి ఇంటికొచ్చి గడప ముంగట నిలబడి షేర్వాణి జేబులు రెండు బయటికి గుంజి, "దేఖో బేగం, ఖాళీ" అంటుండె. పరదా ఎనక ఆపా నవ్వు వినొస్తుండె. మేం గల్లీల నిలబడి అది విని ఇండ్లకు పోయేటోళ్లం.

ఆయనకు ఒకటే రంధి ఉండె. ఏ బొమ్మ గీసినా చేతిల పట్టుకొని దూరం పెట్టి చూసి, "నై. ఇది గూడ రాలే" అనేటోడు. చెయ్యి పెద్దగైందనో, మెడ ఆ మనిషిది కాదనో ఏదో ఒక వంక. మాకు మాత్రం మనిషి మనిషి లెక్కనే అగుపడేది. "ఒక్కటి సక్కగ వస్తె సాలు, భాయ్. ఒక్కటంటె ఒక్కటి. గప్పుడు ఈ పెన్సిల్ మూసీల ఇసిరేసి హాయిగ చాయ్ తాగుత."

ఏడెనిమిదేండ్లు నడిచింది గిట్ల. యుద్ధం వచ్చింది, కాయితం దొరుకుడు బంద్ అయింది. ఒక్క కాయితాన్ని నాలుగు తునకలు చేసుకొని గీసినం గాని శుక్రవారం ఆపలే.

చలికాలంల ఒక పొద్దుగాల బడిల బోర్డు మీద గుర్రం గీస్తుంటె మాస్టర్ సాబ్ చేతిల సుద్ద కింద పడ్డది. ఆయన గూడ పడ్డడు. కుడి పక్క మొత్తం పోయింది. చెయ్యి, కాలు, సగం మొగం. మాట ముద్దముద్దగ అయింది. హకీం నూనెలు రుద్దించిండు, దవాఖాన డాక్టరు సూదులేసిండు. ఎండకాలం వచ్చి పోయింది, చెయ్యి లేవలే. మేం శుక్రవారాలు పోయి పక్కన కూసోని ఆ ముచ్చట ఈ ముచ్చట చెప్పి వచ్చేటోళ్లం. ఆయన మా మొగాలు చూడకపోతుండె. పై కప్పు చూస్తుండె.

బోనాల ముందర ఒకనాడు ఆపా పరదా ఎనక నుంచి పిలిచింది.

"భాయ్‌సాబ్, ఒక మాట. పగలు లేదు రాత్రి లేదు, ఒకటే అడుగుతుండ్రు నన్ను. 'ఒక్కటన్నా వచ్చిందా?' అని. నాకేం తెల్సు? నేను ఒక్కటి గూడ చూస్తినా? మీ దగ్గర ఉందా ఒకటి?"

మా దగ్గర లేదని చెప్పినం. కాయిదా గట్లుండె గద.

"అయితె ఎవలదగ్గరన్నా ఉంటది. పోయి తెండి. ఆయన కండ్లతోని చూసుకోని చెప్పనీయండి, వచ్చిందో రాలేదో. లేకపోతె ఈ మనిషి పానం నిమ్మళంగ పోదు. ఇంట్లకే తెండి."

జిల్దుల భాయ్‌కి కడుపుల మాట ఆగదు. "మరి ఫరిష్తాలు, ఆపా?"

"వాళ్లకు నేను చెప్పుకుంట" అన్నది.

ఎన్ని వందల బొమ్మలు ఇచ్చినం, పది అన్నా దొరకవా అనుకొని బయలెల్లినం. అడగొద్దన్న కాయిదా మాదే. దాన్ని దాటుడు సిగ్గుగనే ఉండె. అయినా పోయినం.

ముందు ఇరానీ హోటల్. గల్లా మీద కూసునేటాయన మా మాట విని తల గోక్కున్నడు. ఆయన బొమ్మ గల్లా వెనక కిటికీకి ఉండెనట. కిటికీ అద్దం పగిలింది, ఆ సందుకు అడ్డంగ బొమ్మనే అతికించిండు. "మంచి కాయితం, జనాబ్. మూడు వానలు ఆగింది" అన్నడు. మాకు రెండు చాయ్‌లు పోయించిండు. యుద్ధం రోజులు, చక్కెర లేదు. చాయ్ చేదుగ ఉండె.

ఉస్మాన్‌గంజ్ల చింతపండు సేటు కాంటా పక్కన కునుకు తీస్తుంటె మాస్టర్ సాబ్ గీసిండు. నాకు బాగ యాదికుంది, పొట్ట మీద చేతులు పెట్టుకోని, నోరు తెరుసుకోని. గది ఇంట్ల చూపెట్టిండు సేటు. వాళ్లమ్మ గాబరా పడ్డది. బతికున్న కొడుకును కండ్లు మూసుకున్నట్టు గీసుడేంది అని ఎండు మిరపకాయలతోని సేటుకు దిష్టి తీసి, ఆ మిరపకాయలు, బొమ్మ కలిపి పొయ్యిల ఏసింది. "ఇల్లంత ఒకటే దగ్గు" అన్నడు సేటు. నవ్వబోయి మా మొగాలు చూసి ఆపుకున్నడు. "ఏమనుకోకుండ్రి. పెద్దమనిషి, ఆమెకు నేనేం చెప్పాలె?"

లాల్‌దర్వాజల మా గల్లీ మంగలన్న తన బొమ్మను అద్దం పక్కన గోడకు అంటుపెట్టుకున్నడు. గుండు గీసుకునెతందుకు వచ్చినోళ్లు నీ కంటె నీ బొమ్మనే సక్కగున్నదని ఎక్కిరిచ్చేటోళ్లట. మేం పోయి అడిగితె గోడ మీద చెయ్యి పెట్టి తడిమిండు.

"ఈడనే ఉన్న, అన్నా. సున్నం కింద. బోనాలకని మా ఇంటామె గోడలన్ని పూసింది. బొమ్మ తియ్యాలెనని దానికి తెల్వదు, నేను ఇంట్ల లేను."

గోటితోని గీకి చూసిండు. సున్నంతోని కలిసి కాయితం పొడిపొడిగ రాలింది. నేనే చెయ్యి పట్టుకొని ఆపిన.

కల్లు కాంపౌండ్ల దోస్తీ పట్టిన ఉస్మాన్‌గంజ్ హమాలీ తన దగ్గర ఉందన్నడు. మా ఇద్దరికి పానం లేసొచ్చింది. రుమాలు ఇప్పి, మడతలల్ల నుంచి కాయితం తీసిండు. ఎవలన్నా ఎత్తుకపోతరని అన్ని ఏండ్లు నెత్తి మీదనే పెట్టుకున్నడట. దాని మీద చెమట, మిరప బస్తాలు, వాన. కాయితం మొత్తం నల్లగ ఉండె. ఒక్క గీత లేదు.

"గిదో, గీ మూలకు నేను. గిది నా ముక్కు" అని వేలు పెట్టి చూపెట్టిండు. ఆయనకు అగుపడుతుంది. మేం అవునన్నం.

ఆకరికి కల్లు కాంపౌండ్ బయట గుడాలు అమ్మే ముసలమ్మ. ఉడకబెట్టిన బొబ్బెర గుడాలు, ఉల్లిగడ్డ కోసి ఏసి ఆకుల్ల ఇస్తది. మాస్టర్ సాబ్ ఆమెను నవ్వుతుంటె గీసిండు. ఆ దినం ఒక తాగుబోతు గుడాలు తిని, ఆకు గూడ నమిలి మింగిండు. గదానికి ఆమె నవ్వుడు.

"ఉంది" అన్నది. "ఇయ్య."

"అమ్మా, మాస్టర్ సాబ్‌కు చూపెట్టి మల్ల నీకే తెచ్చిస్తం."

"నాది నాకే అని ఆయనే చెప్పిండు. మల్ల అడగద్దని గూడ చెప్పిండు. మీరిద్దరు ఆయన పక్కన్నే ఉంటిరి గదా, చెవులల్ల దూది పెట్టుకుంటిరా?"

"ఆయన బతకడమ్మా."

ఆమె చేతిల గరిటె ఆగింది. ఆకుల గుడాలు ఏసి ముంగటున్నోనికి ఇచ్చింది, మల్ల మా దిక్కు చూసింది.

"నేనే తెస్త. నేను వస్తె బొమ్మ వస్తది. దాన్ని ఒక్కదాన్నే పంపను. చిన్నప్పుడు నా మొగం నేను బాయిల నీళ్లల్ల తప్ప చూడలే, బిడ్డా."

పక్కన నిలబడ్డ హమాలీ అన్నీ వింటుండు. "గట్లయితె నేను గూడ వస్త. బొమ్మ పోతె పోయింది, మనిషి ఉన్నగద. నన్ను చూస్తె ఆయనకు బొమ్మ యాదికొస్తది" అన్నడు.

గట్ల పుట్టింది ఆ ఆలోచన. మాకు మంచిగనే అనిపించింది. బొమ్మలు లేకుంటె గీయించుకున్నోళ్లనే తీస్కపోదాం, ఎట్ల గీసిండో గట్లనే కూసుందురు అనుకున్నం. అందరు ఒప్పుకున్నరు. చింతపండు సేటు గూడ దుకాన్ మూసి వస్త అన్నడు.

శుక్రవారం రెండుంబావుకు మంచం వరండాలకు తెచ్చినం అని చెప్పిన గద. తలగడలు ఏసి లేపి కూసోబెట్టినం. ఒక్కొక్కరు వచ్చిన్రు. గుడాలమ్మ గోడ పక్కన గొంతు కూసున్నది. హమాలీ ఖాళీ బస్తా ఒకటి తెచ్చుకోని మెడ మీద ఏసుకున్నడు. మంగలన్న కత్తి తెచ్చిండు. గల్లాయన మోచేయి కిటికీ గట్టు మీద పెట్టిండు. సేటు పొట్ట మీద చేతులు పెట్టుకోని కండ్లు మూసుకుంటె హమాలీ గులిగిండు: "సేటూ, నోరు తెరువు. నోరు తెరుసుకునే ఉంటివి గప్పుడు." సేటు నోరు తెరిచిండు. ఎవలం నవ్వలే.

మాస్టర్ సాబ్ ఒక్కొక్కరిని చూసిండు. మొగాలు కాదు, మెడ, మోచేయి, పొట్ట. ఎవల బరువు ఎక్కడ పడ్డదో గదే చూసుకుంట పోయిండు. ఎడమ చెయ్యి పోయి కుడి చేతిని పట్టుకున్నది. దుప్పటి మీద సచ్చినట్టు పడున్న ఆ చేతిని ఎత్తిండు, ఇడిచిపెట్టిండు, మల్ల ఎత్తిండు. కండ్లల్ల నుంచి నీళ్లు కారుతున్నయి. గప్పుడు తెలిసింది నాకు. గియ్యలేని మనిషి ముంగటికి గింతమందిని తెచ్చి కూసోబెట్టినం. తిండి తినలేనోని ముంగట విస్తరి ఏసినట్టయింది.

"ఒక్క...టన్నా?" అన్నడు.

గుడాలమ్మ లేసింది. నడుముకాడ మైనం గుడ్డల చుట్టి పెట్టుకున్న బొమ్మను తీసింది. మడత నలగలే. గీత చెరగలే. ఆయన ఒళ్లె పెట్టింది.

చూసిండు. శానసేపు చూసిండు. ఆమెను చూసిండు, బొమ్మను చూసిండు. గల్లీల సోడాబండి పోయింది. ఎడమ చేతి వేలు తెచ్చి బొమ్మల చెవి మీద పెట్టిండు.

"గలత్."

చెవు జర కిందికి ఉండె. నేను గప్పుడు చూసిన, అంతకుముందు చూడలే.

"అవునయ్యా" అన్నది గుడాలమ్మ. "నేను ఆనాడే చూసిన. చెప్తె నొచ్చుకుంటవని చెప్పలే."

ఆయన నా దిక్కు చెయ్యి చాపిండు. పెన్సిల్ అడుగుతుండని నాకు తెల్సు. ఇచ్చిన. ఎడమ చేతిల పట్టుకున్నడు, పిడికిలితోని, గరిటె పట్టుకున్నట్టు. పాత చెవుని గట్లనే ఉంచి జర మీదికి కొత్త చెవు గీద్దామని ఆయన మనసు. గీత చెవు కాడ మొదలైంది, దవడ మీదికి జారింది, నవ్వుతున్న నోటి మీద నుంచి గదుమ దాంక పోయింది. పెన్సిల్ చేతిల నుంచి పడ్డది.

"క్యా హువా?" పరదా ఎనక నుంచి ఆపా. "చూసిండ్రా? వచ్చిందంటనా?"

గుడాలమ్మ బొమ్మను తీసుకోని పరదా లేపి లోపలికి పోయింది. మాకు మాటలే వినొచ్చినయి.

"గిదామ్మా ఆయన గీసింది?"

"గిదే, తల్లీ."

"ఈ అడ్డం గీత?"

"అది ఇప్పుడు పడ్డది. దాన్ని చూడకు. చెవు తప్పట."

"చెవు ఎవలు చూస్తరమ్మా?" అన్నది ఆపా. "నవ్వు వినిపిస్తుంది నాకు." మల్ల, "ఇది ఈడ ఉంచిపోతవా?"

"ఇయ్యలేనమ్మా. నాకు ఇంకో మొగం లేదు."

మాస్టర్ సాబ్ అన్నీ విన్నడు. పరదా దిక్కు చూసిండు, తర్వాత మొగం గోడకు తిప్పుకున్నడు. ఆ ప్రశ్న మల్ల ఎన్నడు అడగలే. జవాబు దొరికింది గద. తర్వాత శుక్రవారం రాకముందే పోయిండు. నిమ్మళంగ పోయిండని చావుకొచ్చినోళ్లు అన్నరు. నేను గట్ల అనను. ఆయన ఆకరి రోజులు నేను పక్కన కూసోని చూసిన. చెవు తప్పని తెల్సుకోని పోయిండు. బీబీకి ఆ చెవు తప్పు అగుపడలేదని గూడ తెల్సుకోని పోయిండు. ఆ రెండిట్ల ఏది ఎక్కువ బరువైందో ఆయనకే ఎరుక.

ఆనాడు ఆ వరండాల ఉన్నోళ్లు వీళ్లు. మంచం మీద మాస్టర్ సాబ్. తలాపున జిల్దుల భాయ్, కాళ్లకాడ నేను. గోడ పక్కన గుడాలమ్మ. మెడ మీద ఖాళీ బస్తాతోని ఉస్మాన్‌గంజ్ హమాలీ. అదే ఉస్మాన్‌గంజ్ చింతపండు సేటు. లాల్‌దర్వాజ మంగలన్న. ఇరానీ హోటల్ గల్లాయన. పరదా అవతల ఆపా. ఇంకెవలు లేరు.